శుక్రుడు కనపడిన మంగళవారం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదనుకునేవాణ్ణి. (ఇప్పుడు అనుకోవడం లేదు. అలా అనుకునే కుర్రాళ్లని చూస్తే మాత్రం కొంచెం జాలి, కొంచెం అసూయ.) ఇరవై ఎనిమిదేళ్ల వయసు, టెక్సాస్‌లో కాపెల్ అనే ఊళ్లో ఒక అపార్ట్‌మెంటు, ఆఫీసులో ఒక క్యూబికల్, ఎవరు ఏం అడిగినా ఇంటర్నెట్‌లో మూడు పేజీలు చదివి జవాబు చెప్పేయగలనన్న ధైర్యం. మొన్న చలికాలంలో మా మామగారు పోయారు. ఆయన బల్ల సొరుగు సర్దుతుంటే ఒక పాత ప్రిస్క్రిప్షన్ ప్యాడ్ దొరికింది. దానివల్లే ఇది రాస్తున్నాను. అలంకారాలు నాకు చేతకావు, ఆయనకి నచ్చేవీ కావు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఆయన చర్మవ్యాధుల డాక్టరు. గుంటూరులో చదివి డెబ్భైల్లో వచ్చి, కాపెల్‌లో స్థిరపడి, అప్పటికే రిటైరయ్యారు. ఆయన కూతురూ నేనూ ఒకే బిల్డింగులో పనిచేసేవాళ్లం. మొదటిసారి వాళ్లింటికి భోజనానికి వెళ్లిన రోజున నేను ఇస్త్రీ చొక్కా నలగకుండా సోఫా అంచున కూర్చుంటే, ఆయన నన్ను వంటింటి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఒక చిన్న కుండీ చూపించారు.

"ఇదేమిటో తెలుసా?"

"వీనస్ ఫ్లైట్రాప్ అండి. ఈగల్ని తింటుంది."

"వీనస్ ఎవరు?"

"రోమన్ల దేవత అండి. ప్రేమకీ, అందానికీ."

"మరి ఈగల్ని తినే మొక్కకి ఆవిడ పేరెందుకు పెట్టారయ్యా?"

ఆయన పొయ్యి దగ్గరున్న అత్తగారి వైపు ఒకసారి చూసి, "పెళ్లయితే తెలుస్తుందిలే" అన్నారు. అత్తగారు గరిటె తిప్పుతూనే, "ఆ ఈగ ముప్ఫై ఏళ్లుగా కదలకుండా కూర్చుని పప్పన్నం తింటోంది బాబూ, దాని సంగతి కూడా చెప్పమను" అన్నారు. ఆ ఇంటికి అల్లుణ్ణవ్వాలని నేను గట్టిగా అనుకున్నది ఆ క్షణంలోనే.

ఆయనకి ఒక సరదా ఉండేది. ఆ దేవత పేరు ఎక్కడెక్కడ, దేనికి పెట్టారో ఆ ప్రిస్క్రిప్షన్ ప్యాడ్ మీద వరసగా రాసుకునేవారు. గ్రహం, మొక్క, చేతుల్లేని పాలరాతి బొమ్మ, ఆడవాళ్ల రేజరు, ఒక రకం సముద్రపు గుల్ల, పాతకాలపు రసవాదుల భాషలో రాగి. నేను మా ఊరి వీనస్ టైలర్సునీ, వీనస్ లాడ్జినీ సమర్పించుకున్నాను. (లాడ్జి సంగతి నీకెలా తెలుసన్నట్టు అత్తగారు చూశారు. బస్‌స్టాండుకి ఎదురుగా ఉండేదండి, బోర్డు మాత్రమే చూశానన్నాను.) "నా డిగ్రీలో కూడా ఆవిడ ఉందోయ్" అనేవారు ఆయన. "మా రోజుల్లో చర్మవ్యాధులూ సుఖవ్యాధులూ కలిపే చదివేవాళ్లం. ఆ సుఖవ్యాధులకి ఇంగ్లీషులో వెనీరియల్ అంటారే, ఆ మాటకి తల్లి ఈవిడే. వెనరేషన్ అంటే పూజ్యభావం, దానికీ ఈవిడే. ఆస్పత్రికీ గుడికీ ఒకే ఆవిడ పేరు. ఎంత పొదుపైన మనుషులో చూడు." ఇంత చేసి, మన పంచాంగంలో అదే గ్రహం ఒంటికన్ను శుక్రాచార్యులవారు, రాక్షసులకి గురువు. రోమన్ల అందగత్తె మన దేశం వచ్చేసరికి గడ్డం పెంచేసిందని ఆయన నవ్వేవారు. ఆ గడ్డమే నా కొంప ముంచబోతోందని అప్పటికి నాకు తెలియదు.

ముంచినవారు అమ్మమ్మగారు, అంటే మా అత్తగారి తల్లి. ఆర్నెల్ల వీసా మీద తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. చేతికి ఒక పాత వాచీ. అది ఆర్నెల్లూ ఇండియా టైమే చూపించింది. మనవరాలు మార్చబోతే, "వద్దే, మళ్లీ వెళ్లాక ఎవరు తిప్పుతారు, ఇక్కడ ఎండ చూసి తెలుసుకుంటాలే" అన్నారు. మా సంగతి ఇంట్లో తెలిసింది 2012 మే నెలలో. అమ్మమ్మగారు నన్ను కింది నుంచి పైకి ఒకసారి చూసి, "కుర్రాడు బక్కగా ఉన్నా నెమ్మదస్తుడు" అని తీర్మానించారు. మనవరాలికి తన చేత్తో బొట్టు పెట్టి నిశ్చితార్థం చేసి వెళ్లాలని ఆవిడ కోరిక. మోకాళ్లు పనిచేయడం లేదు, మళ్లీ విమానం ఎక్కలేనని ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు. టికెట్టు జూన్ ఏడు, గురువారం. కానీ మే నెలలో గురు మూఢం. అది వదలగానే శుక్ర మూఢం. రెండింటి మధ్య చిన్న సందు ఒకటి ఉంది. ఆ వారాంతం మా ఆఫీసులో రిలీజ్. (ఆ సాఫ్ట్‌వేరు ఏమిటో ఇప్పుడు నాకు గుర్తు కూడా లేదు.)

"మూఢంలో శుభకార్యం చేయకూడదు నాయనా" అన్నారు అమ్మమ్మగారు. "శుక్రుడు సూర్యుడి దగ్గరికి పోయి కనపడడు. ఆయన కనపడని రోజుల్లో ఏం చేసినా అచ్చిరాదు."

"కనపడితేనో అమ్మమ్మగారూ?"

"కనపడితే మూఢమెందుకవుతుంది?"

ఆ ఒక్క మాట పట్టుకున్నాను. ఎందుకంటే జూన్ అయిదున శుక్రుడు సూర్యబింబం మీదుగా నడిచి వెళ్లబోతున్నాడని, నల్లచుక్కలా కంటికి కనపడతాడని నేను చదివాను. మళ్లీ అలా కనపడాలంటే నూరేళ్లు దాటాలి. మూఢం నడుమ, పట్టపగలు, సాక్షాత్తూ సూర్యుడి మొహం మీద! అది చూపిస్తే ఆ రోజే నిశ్చితార్థానికి అమ్మమ్మగారు ఒప్పుకుంటారని నా లెక్క. రెండు వారాలు కూర్చుని పద్దెనిమిది పేజీల నివేదిక తయారుచేశాను. కాపెల్‌లో అది ఎన్ని గంటలకి మొదలవుతుంది, సూర్యుడు ఎంత ఎత్తులో ఉంటాడు, మబ్బు పడితే ఏం చేయాలి, అన్నీ రాశాను. మే నెల గ్రహణానికి ఆఫీసులో పంచిన అట్ట కళ్లద్దాలు అయిదు జతలు దాచాను. డాక్టరుగారింటి పెరడుకి పడమటి వైపు పక్కవాళ్ల రెండంతస్తుల ఇల్లు అడ్డం. అందుకని, గంటకి పైగా డ్రైవ్ చేస్తే డాలస్‌కి దక్షిణాన అన్నీ పొలాలే ఉన్న ఒక చిన్న ఊరికి వెళ్దామన్నాను. ఊరి పేరు వీనస్. డాక్టరుగారు ప్యాడ్ తీసి రాసుకున్నారు. నా వైపు చూసి, "తారీఖు అంతా సరిగ్గా చూసుకున్నావుగా?" అని అడిగారు.

"మూడు వెబ్‌సైట్లలో చూశానండి" అన్నాను. ఆయన తల ఊపారు.

అందరం ఒకే వ్యాన్‌లో బయల్దేరాం. అమ్మమ్మగారు ముందు సీట్లో, ఒళ్లో హ్యాండ్‌బ్యాగు, కాళ్ల దగ్గర పులిహోర డబ్బా. దారి పొడుగునా ట్రాఫిక్. వీనస్ చేరేసరికి ఆరు దాటింది. ఒక గ్యాస్ స్టేషన్ పక్కన ఖాళీ జాగాలో ఆపి చూస్తే, సూర్యుడి మీద సరిగ్గా అరచేయంత మబ్బు. అది గంటసేపు కదల్లేదు. అత్తగారు పులిహోర పంచారు. నేను తినలేదు. కాబోయే మా ఆవిడ నా పక్కకి వచ్చి, ఆ అమెరికా యాసలో, "నువ్వు ప్లాన్ బి రాశావ్ కదా, ఏ పేజీ?" అంది. పదకొండో పేజీ. అందులో 'వేచి ఉండాలి' అని ఉంది.

ఇంతలో ఒక పికప్ ట్రక్కు వచ్చి ఆగింది. టోపీ పెట్టుకున్న ముసలాయన దిగి, "ఎవ్రీథింగ్ ఓకే, ఫోక్స్?" అన్నాడు. చీరల్లో ఇద్దరు ఆడవాళ్లు, ఆకాశంలోకి చూస్తున్న ముగ్గురు, వ్యాన్ బానెట్టు మీద పులిహోర. అడగాల్సిన ప్రశ్నే. డాక్టరుగారు, "వియ్ కేమ్ టు సీ వీనస్" అన్నారు. ఆయన చుట్టూ ఒకసారి చూసి, "వెల్ సర్, యూ ఆర్ స్టాండింగ్ ఇన్ ఇట్. దట్స్ ఆల్ దేర్ ఈజ్" అన్నాడు. ఆ మాటకి డాక్టరుగారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. నేను నవ్వలేదు. అమ్మమ్మగారి జీవితంలో తీరాల్సిన ఒక కోరిక నా పద్దెనిమిది పేజీల మీద ఆధారపడి ఉందని నాకప్పుడే బుర్రకెక్కింది.

ఏడున్నర ప్రాంతంలో మబ్బు తప్పుకుంది. అమ్మమ్మగారికి అట్ట కళ్లద్దాలు ఆవిడ కళ్లజోడు మీదే పెట్టి, భుజాలు పట్టుకుని పడమటికి తిప్పాను.

"ఆ నల్ల మినపగింజేనా?"

"అదేనండి. శుక్రుడు."

"ఇది గ్రహణం కాదు కదా? పులిహోర తినేశాను."

"కాదండి. ఆయన దారిన ఆయన పోతున్నాడు, అంతే."

ఆవిడ చేతులు జోడించారు. "కనపడ్డాడు నాయనా. ఇన్నేళ్లు పంచాంగంలో చూడటమే, ఇలా చూడలేదు. నీ మాటే నిజం. ఇవాళ మూఢం లెక్కలోకి రాదు." నేను గెలిచాను. కాబోయే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు అమ్మమ్మగారు కళ్లద్దాలు తీసి, మడిచి, ఎంతో మామూలుగా, "ఇంతకీ ఇవాళ ఏం వారం?" అన్నారు.

నేను ఫోన్ తీసి చూశాను. మంగళవారం. సూర్యుడి ఎత్తు డిగ్రీల్లో రాసిన వాణ్ణి, గాలి వేగం రాసిన వాణ్ణి, వారం చూసుకోలేదు. తెలుగువాళ్లలో మంగళవారం నిశ్చితార్థం పెట్టుకున్న మొదటి మేధావిని నేనే.

"సీరియస్‌లీ?" అంది కాబోయే మా ఆవిడ. "నువ్వు క్యాలెండర్ చూడలేదా?"

అత్తగారు తల పట్టుకున్నారు. డాక్టరుగారు దగ్గొచ్చినట్టు అటు తిరిగారు. ట్రక్కాయన ఏదో కొంప మునిగిందని అర్థం చేసుకుని టోపీ తీసి పట్టుకున్నాడు. అమ్మమ్మగారొక్కరే నింపాదిగా వాచీ చూసుకుని, "మీ నాన్నగారికి ఫోన్ చెయ్యి నాయనా" అన్నారు. సంబంధం వద్దని చెప్పడానికే అనుకున్నాను. ఇండియాలో ఉన్న నాన్నకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను.

"బాబుగారూ, లేచారా?" అన్నారు అమ్మమ్మగారు.

"ఇప్పుడే కాఫీ తాగుతున్నానమ్మా. ఏమిటీ పొద్దున్నే?"

"మీకు పొద్దెక్కిందా?"

"ఆరు దాటింది. చురుక్కుమంటోంది కూడాను."

"ఏం వారమండీ?"

"బుధవారం."

ఆవిడ వాచీ ఉన్న చేతిని మా అందరికీ చూపించారు. "నేను తెనాలి మనిషిని. నా పంచాంగం అక్కడిది, నా గడియారం అక్కడిది. చేసేది నేను. నాకు బుధవారమే." హ్యాండ్‌బ్యాగులోంచి కుంకుమ భరిణె తీశారు. తర్వాత రుమాల్లో మూటగట్టిన పసుపు అక్షింతలు తీశారు. అవి ఇంట్లోనే కలిపి తెచ్చినవని గమనించే స్థితిలో నేను లేను. మనవరాలికి బొట్టు పెట్టి, తన వేలి ఉంగరం తీసి తొడిగారు. అది వదులై జారిపోతుంటే వేలు మడుచుకోమన్నారు. నాకు బొట్టు పెట్టి, "బక్కగా ఉన్నావు, తినలేదు కూడా" అని పులిహోర చేతిలో పెట్టారు. ఫోన్‌లో మా అమ్మ, "ఏమిటిది, చీరైనా మార్చుకోలేదు నేను" అని గోల. ట్రక్కాయన చేతిలో కూడా నాలుగు అక్షింతలు పోస్తే, ఆయన వాటిని నోట్లో వేసుకోబోయి, మమ్మల్ని చూసి, మా మీద వేశాడు.

గురువారం అమ్మమ్మగారు విమానం ఎక్కారు. ఆ తర్వాత రాలేదు. ఆవిడ పోయాక ఆ వాచీ మా ఇంటికి వచ్చింది. బ్యాటరీ మార్పిస్తూ ఉంటాను కానీ టైము మార్చం.

ఇక సొరుగులో దొరికిన ప్యాడ్. గ్రహం దగ్గర మొదలై ఇరవై మూడు పేర్లున్నాయి. చివరి మూడు చేతివణుకుతో రాసినవి. ఊరి పేరు దగ్గర మాత్రం పక్కన సన్నగా నాలుగు ముక్కలు, ఆ రోజు పొద్దున రాసుకున్నవి: 'వీనస్, టెక్సాస్. సాయంత్రం వెళ్తున్నాం. ఇవాళ మంగళవారమని అబ్బాయి చూసుకోలేదు. అత్తయ్యగారు వారం కిందటే చూసుకున్నారు. చెప్పొద్దన్నారు.' ఆయన అత్తయ్యగారంటే మా అమ్మమ్మగారే.

పద్దెనిమిది కాగితాలు చంకలో పెట్టుకుని, లోకమంతా లెక్క కట్టేశానని వ్యాన్ ఎక్కుతున్న ఆ కుర్రాడు కనపడ్డాడు. ఇప్పుడు వాడు నిజంగా ఎదురుపడి, అన్నీ సరిగ్గా చూసుకున్నానా అని అడిగితే, నేనూ తల ఊపుతాను. వారం సంగతి మాత్రం చెప్పను.