వాడిన ఆకు రంగు బండి

మా పెద్దమ్మ కార్ల రంగులు కలుపుతుంది. పెదనాన్నది డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు. సొట్టలు తీయడంలో ఆయన చెయ్యి తిరిగిన మనిషే గానీ, రంగు దగ్గరికొచ్చేసరికి ఆయన కన్ను అంతంత మాత్రం. పెళ్ళైన కొత్తలో ఒకరోజు పెద్దమ్మ క్యారేజీ పట్టుకుని షెడ్డుకి వెళ్తే, ఆయనా బండి గలాయనా ఒక తలుపు ముందు నిలబడి వాదించుకుంటున్నారట. కొత్తగా వేసిన తలుపు రంగు మిగతా బండితో కలవలేదు. పెద్దమ్మ క్యారేజీ కింద పెట్టి, "పసుపు తగ్గింది, ఇంకో రెండు చుక్కలు వెయ్యండి" అందట. వేశారు. కలిసింది. షెడ్డు వెనక గది ఆ వారంలోనే ఆవిడదైపోయింది.

ఆ గదిలో ఒక గ్రాముల త్రాసు, గోడ పొడుగునా రంగు డబ్బాలు, కలిపే పుల్లలు, నీడ వైపు తెరుచుకునే ఒక కిటికీ ఉంటాయి. కలిపిన రంగుని చిన్న రేకు ముక్క మీద పూసి, ఆరాక బయటికి తెచ్చి నీడలో చూస్తే గానీ ఆవిడ సరే అనదు. ట్యూబులైటు పచ్చి అబద్ధాలకోరని ఆవిడ నమ్మకం.

నిరుడు ఆవిడ కుడికంటికి శుక్లం ఆపరేషన్ చేశారు. కట్టు విప్పిన రోజు నేను పక్కనే ఉన్నాను. ఒక కన్ను మూసి గోడ చూసింది, ఇంకో కన్ను మూసి మళ్ళీ చూసింది. కొత్త కంటికి గోడ నీలం కలిసిన తెలుపుగానూ, పాత కంటికి పాత పుస్తకంలో కాగితంలాగానూ కనిపిస్తోంది. వయసుతో కంటిలోపలి అద్దం పసుపెక్కుతుందని, అది మార్చారు కాబట్టి ఇప్పుడు కనిపించేదే అసలు రంగని నర్సు చెప్పింది. ఆ మాటకి పెద్దమ్మ నిబ్బరపడాల్సింది పోయి నీరుగారిపోయింది.

"అయితే ఇన్నేళ్ళూ నేను కలిపినవి ఏ రంగులే అమ్మాయ్?" అంది నాతో, ఇంటికొచ్చాక.

మూడు నెలలు ఆ గది తలుపు సరిగా తెరవలేదు. తెల్ల వ్యానులూ నల్ల కార్లూ అయితే రంగుల కంపెనీ ఇచ్చే పుస్తకంలో తూకాలు చూసి కలిపేది. కాస్త చిక్కు రంగు వచ్చిందంటే, రంగుని చదివే మిషన్ ఉన్న పెద్ద షాపుకి పంపించేది.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం పశువుల డాక్టరు ఒకాయన వచ్చాడు. రిటైరయ్యాడు, ఆరడుగుల పైన ఉంటాడు. వచ్చింది మాత్రం మోకాలెత్తు స్పోర్ట్స్ కారులో. రెండే సీట్లు, ఎర్ర రంగు, వయసు యాభై పైమాటే. ముందు ఒక కాలు బయటపెట్టి, తర్వాత తల వంచి, ఆ తర్వాత రెండో కాలు వెతుక్కుని, మొత్తానికి దిగాడు.

"అమ్మా, దీనికి కంపెనీ వేసిన రంగే మళ్ళీ వేయించాలి. అదేమిటో ఎవరూ చెప్పలేకపోతున్నారు" అన్నాడు.

ప్రతి కారుకీ బానెట్ కింద అగ్గిపెట్టెంత రేకు ఒకటి బిగించి ఉంటుంది. దాని మీద బండి నంబరుతో పాటు రంగు నంబరు కూడా కొట్టి ఉంటుంది. ఆ నంబరు పట్టుకుని పుస్తకం తీస్తే ఏ రంగు ఎన్ని గ్రాములో దొరుకుతుంది. ఈ బండి రేకు మీద రంగు నంబరు ఉండాల్సిన చోట అంకె లేదు, 'స్పెషల్' అని ఉంది.

"స్పెషల్ అంటే కొన్నవాళ్ళు కోరి వేయించుకున్న రంగండీ" అంది పెద్దమ్మ. "అప్పట్లో ఇలాంటి చిన్న కంపెనీలు దర్జీ చొక్కా కుట్టినట్టు బండి చేసిచ్చేవి. సీటు ఇలా కావాలి, దీపం అక్కడ కావాలి అంటే అలాగే పెట్టేవి. అలాంటి రంగు పుస్తకాల్లో ఉండదు. మీరు మిషన్ ఉన్న షాపుకి తీసుకెళ్ళండి."

"అక్కడికీ వెళ్ళొచ్చాను. మిషన్ పైనున్న ఎరుపునే చదువుతోంది. ఎరుపే కొట్టించుకోండి, స్పోర్ట్స్ బండికి అదే అందం అన్నారు. నాకూ లోపల అదే ఆశ అనుకోండి. కానీ తెలుసుకోకుండా ఎలా?"

పెద్దమ్మ ఏదో చెప్పబోయేలోపు పెదనాన్న బానెట్ కింద తల దూర్చేశాడు. ఇక కాదనడానికి లేకపోయింది.

మూడు రోజులు వెతికారు. తలుపుల లోపలి అట్టలు విప్పితే ఎరుపు, గీకితే కింద తెలుపు, దాని కింద ఉత్త ఇనుము. ఎవరో ఒకప్పుడు మొత్తం గీకేసి రంగు వేశారన్నమాట. చివరికి డిక్కీ తెరిచారు. అడుగున అంచులు పైకి మడిచిన జింకు రేకు ఒకటి పళ్ళెంలా పరిచి ఉంది, చుట్టూ పదహారు స్క్రూలు.

"తుప్పు పడితే ఎవడో అతుకు వేసుంటాడు" అన్నాడు డాక్టరు.

"అతుకు వేసేవాడు పదహారు స్క్రూలు ఇంత కొలిచినట్టు వెయ్యడండీ. మూడు బిగించి చేతులు దులుపుకుంటాడు. ఆ సంగతి నన్నడగండి" అన్నాడు పెదనాన్న.

జింకు రేకు లేపారు. కింద రంగు కొత్తదానిలా ఉంది. పచ్చ అందామంటే పచ్చ కాదు. బూడిద అందామంటే లోపల ఏదో గోధుమ ఛాయ. డాక్టరు ముఖం చిన్నబోయింది. "ఇది రంగేనా, రంగుకి ముందు వేసే పూతా?" అన్నాడు. పూత కాదని పెద్దమ్మకి తెలుసు, పైన మెరుపు ఉంది. కానీ జింకు రేకు కంపెనీదే అని తేలితే తప్ప ఆ రంగూ కంపెనీదని గట్టిగా చెప్పలేదు కదా.

అక్కడ నా అవసరం పడింది. నేను ఎగుమతుల ఆఫీసులో పనిచేస్తాను, బయటి దేశాలకి ఉత్తరాలు రాయడం నాకు అలవాటే. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది గానీ, దాని పాత ఆర్డరు పుస్తకాలు ఆ బండ్ల సొంతదారుల సంఘం ఒకటి దాచి పెట్టింది. బండి నంబరు ఇచ్చి రాశాను. ఐదు వారాలకి జవాబుతో పాటు ఆర్డరు కాగితం నకలు వచ్చింది. షెడ్డులో బల్ల మీద పెట్టి చదివి వినిపించాను.

కొన్నది మొక్కల నర్సరీ నడిపే ఒకావిడ. డిక్కీలో తడి కుండీలు పెట్టుకోవడానికి జింకు పళ్ళెం కావాలంది. తను పొట్టి కాబట్టి డ్రైవరు సీటు అంగుళన్నర ఎత్తుగా ఉండాలంది. రేడియో వద్దంది. రంగు దగ్గర 'ఇందులో పెట్టిన ఆకు ప్రకారం' అని ఉంది.

దాని కింద వేరే సిరాతో గుమాస్తా రాసిన నాలుగు వరుసలు. ఆకు పదకొండు రోజులు టపాలో ప్రయాణం చేసి తమకి అందిందని, అందిన ఆకుని బట్టి రంగు తయారుచేశామని, బండి తీసుకోవడానికి వచ్చిన ఆవిడ తను పంపింది పచ్చటి ఆకని చెప్పిందని, మళ్ళీ రంగు వేసిస్తామంటే కాసేపు బండి చుట్టూ తిరిగి చూసి, నవ్వి, ఇలాగే ఉండనివ్వండని నడుపుకుంటూ వెళ్ళిపోయిందని.

డాక్టరు మళ్ళీ చదవమన్నాడు. రెండోసారి సగంలోనే నవ్వు మొదలుపెట్టి, బల్ల పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"ఆరేళ్ళుగా నా తల పైకప్పుకి ఎందుకు కొట్టుకుంటోందో ఇప్పుడు తెలిసింది. ఆవిడ సీటన్నమాట" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"దించేయమంటారా?" అన్నాడు పెదనాన్న.

"వద్దు. ఆవిడ అడిగి పెట్టించుకుంది. నేనే వంగుతాను. మరి రంగు మాటేమిటమ్మా? ఆవిడ కోరిన పచ్చ వెయ్యాలా, వాడిన ఆకా?"

"ఆవిడే ఒప్పుకుని తీసుకెళ్ళిందిగా. మధ్యలో మనమెవరం?" అంది పెద్దమ్మ.

అలా అనేసింది గానీ, ఆ మధ్యాహ్నం గదిలో త్రాసు ముందు చేతులు కట్టుకుని కూర్చుంది. నేను వెళ్తే, "ఏ కంటిని నమ్మనే?" అంది. నాకేం తెలుసు. "రెండింటినీ అడుగు" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

ఆవిడ నిజంగానే అడిగింది. మొదటి రేకు ముక్క పాత కంటికి అచ్చు అదే రంగులా కనిపించింది. కొత్త కన్ను మాత్రం ఎరుపెక్కువైందని చెప్పింది. ఎరుపు తగ్గిస్తే ఈసారి పాత కన్ను ఒప్పుకోలేదు. అసలు ఆ ఎరుపు డబ్బానే పక్కన పెట్టేసి, గోధుమ ఛాయ కోసం మట్టి పసుపూ నలుపూ కలిపి చూసింది. రోజుకి రెండు మూడు ముక్కలు. పెరట్లో తీగ మీద బట్టల పక్కన అవి కూడా ఆరేవి. డాక్టరు పొద్దునే వచ్చి వాటి కింద చేతులు వెనక్కి కట్టుకుని తిరిగేవాడు. "నిన్నటిది నాకు బానే ఉందమ్మా" అనేవాడు. "మీకుంటే సరిపోదండీ" అనేది.

పంతొమ్మిదో ముక్క రోజు పెద్దమ్మ నన్ను కేకేసింది. జింకు రేకు కింది రంగు పక్కన ఆ ముక్క పెట్టింది. కుడికన్ను మూసింది, తెరిచింది. ఎడమకన్ను మూసింది, తెరిచింది. ముక్క అంచు ఎక్కడుందో వేలితో తడిమి చూపించాల్సి వచ్చింది.

"ఇదివరకు నా రెండు కళ్ళూ ఒకే మాట అనేవే. ఒకటి తప్పు చెబితే రెండోదీ తలూపేది. ఇప్పుడు ఒకదాన్ని ఇంకోటి నిలదీస్తోంది" అంది. ఎన్ని నెలలకో ఆ నవ్వు చూశాను.

రంగు కొట్టడం పెదనాన్న వంతు. నాలుగు పూతలు, పూతకీ పూతకీ మధ్య నీళ్ళు చల్లుతూ గరుకు కాగితంతో రుద్దుడు. పని ముగిసిన రోజు బండిని బయటికి తోశారు. ఎండలో అది పచ్చగా, నీడలోకి రాగానే బూడిదగా ఉంది. డాక్టరు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తర్వాత తలుపు తీసి, "ఎక్కమ్మా, ఒక చుట్టు తిరిగొద్దాం" అన్నాడు.

పెద్దమ్మ చీర కుచ్చిళ్ళు ఒడిసిపట్టి, మోకాళ్ళు దాదాపు గడ్డానికి ఆనేలా కూర్చుంది. రెండే సీట్లు కాబట్టి పెదనాన్న నన్ను స్కూటరు మీద ఎక్కించుకుని వెనకాల బయల్దేరాడు. పెట్రోలు బంకులో డాక్టరు ఆపాడు. అక్కడి మనిషి గుడ్డ తెచ్చి, "దుమ్ము బాగా పట్టింది సార్, తుడవనా?" అన్నాడు. బానెట్ మీద రెండు సార్లు రుద్ది, గుడ్డ తిప్పి చూసుకున్నాడు. గుడ్డ శుభ్రంగానే ఉంది. మళ్ళీ రుద్దాడు.

బండి లోపలినుంచి పెద్దమ్మా డాక్టరూ నవ్వడం మాకు స్కూటరు దగ్గరికి వినిపించింది. పెదనాన్న హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"రంగు కలిసింది" అన్నాడు, నాకు చెబుతున్నట్టుగా.