తీసిన రాళ్ళు ఎక్కడ పోశావు?

నా చిన్నప్పుడు మా ఇంట్లో నా వంతు పని బియ్యంలో రాళ్ళు ఏరడం. బడి నుంచి రాగానే చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. అప్పటి రేషను బియ్యంలో బెడ్డలకేం తక్కువ లేదు. నాకు కోపం పుట్టుకతోనే వచ్చింది, అదంతా ఆ రాళ్ళ మీద తీర్చుకునేదాన్ని. ఏరినవాటిని చెత్తకుప్ప దాకా మోయడానికి బద్ధకం వేసి, గుప్పిట్లో పట్టి గోడ అవతలికి విసిరికొట్టేదాన్ని. గోడ నాకంటే ఎత్తు. అవతల ఏముందో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు.

మేం గుంటూరు వైపు నుంచి వచ్చి బాలానగర్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. చుట్టూ షెడ్లు, పొద్దస్తమానం లేతు మిషన్ల రొద. పక్కింటి అక్కది మెదక్ వైపు పల్లె, ఒక షెడ్డులో పనిచేసేది. మా మేనమామ మాతోనే ఉంటూ ఒక లేబొరేటరీకి వెళ్ళేవాడు. అక్కడ యురేనియం ఉన్న రాతిపొడిని యాసిడ్‌లో కరిగిస్తారనీ, దాన్ని కిరోసిన్‌లాంటి నూనెతో కలిపి బాగా కుదిపితే యురేనియం నూనెలోకి ఎక్కి పైకి తేలుతుందనీ, అక్కర్లేనివన్నీ కింది నీళ్ళలో ఉండిపోతాయనీ చెప్పేవాడు. అమ్మ మజ్జిగ చిలికినప్పుడల్లా వెన్నను చూపించి ఇదే కథ. నేనెప్పుడూ ఆ పైన తేలే పసుపు రంగు సంగతే అడిగేదాన్ని.

ఒక సాయంత్రం అన్నానికి కూర్చుంటే నా కంచంలో పచ్చడి వేసే చోట శుభ్రంగా కడిగిన రాళ్ళ కుప్ప ఉంది. వేడన్నం పక్కన. మామయ్య వేళాకోళం చేస్తున్నాడనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. నన్ను చెయ్యి పట్టుకుని పక్కింటికి తీసుకెళ్ళాడు. అక్క చెంపకు గుడ్డ అదిమి పట్టుకుని గడపలో కూర్చుని ఉంది. మా గోడకు అవతలి వారగా పట్టా పరిచి జొన్నలు ఎండబోస్తుందట. వాటిని గుడాలు ఉడికించి తింటుంటే రాయి తగిలి పన్ను విరిగిందట. పట్టా మీద ఏరిన రాళ్ళన్నీ కాగితంలో కట్టి మామయ్య చేతిలో పెట్టిందట. నేను ఏడుపు మొదలుపెడితే ఆమే నన్ను దగ్గరికి తీసుకుంది.

"పోనీ తియ్ బిడ్డా, నీకేం ఎరుక" అంది.

తిరిగి వస్తూ మామయ్య, "బియ్యం బాగుచేశాననుకున్నావు. రాళ్ళకు ఇల్లు మార్చావు, అంతే" అన్నాడు. ఆయన లేబొరేటరీలోనూ పైన తేలిన దాని కోసం అందరూ వస్తారట, కింద మిగిలిన నీళ్ళు ఎక్కడికి పోయాయని అడగాల్సిన ఉద్యోగం ఆయనది. తీయడం సగం పని, తీసినదాన్ని ఎక్కడ పెట్టామన్నది మిగతా సగం అన్నాడు. ఆ రాత్రి చెత్తకుప్ప దాకా నేనే వెళ్ళి ఆ రాళ్ళు పారబోసి వచ్చాను.

ఇంత నేర్చుకున్నదాన్ని ఇప్పుడేం చేశానో చెప్పాలి, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ఖాజాగూడ దాటాక, బండలు పగలగొట్టి కట్టిన అపార్టుమెంటులో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. బోరు చాలా లోతుకు వేశారు. నల్లరాతిలో ఉండే యురేనియం ఆ నీళ్ళలో కరిగి వస్తోందని పరీక్షలో తేలింది. రంగు ఉండదు, వాసన ఉండదు, తాగితే ముందు మూత్రపిండాల మీద పడుతుంది. మా అపార్టుమెంటు వాళ్ళు హడలిపోయి పెద్ద ఆర్ఓ ప్లాంటు పెట్టించారు. రిపోర్టు కాగితం ప్రతి ఫ్లాటుకూ పంచారు. నేను చదివి, బీరువాలో దాచి, హాయిగా నీళ్ళు తాగాను.

నాలుగు నెలల తర్వాత సెల్లారులో నడుస్తుంటే ప్లాంటు నుంచి ఒక సన్నని పైపు వాచ్‌మన్ గది పక్కనున్న డ్రమ్ములోకి వెళ్తూ కనిపించింది. వాచ్‌మన్ భార్య పాలమూరు పిల్ల, ఆరో నెల కడుపుతో ఉంది, అందులోంచి బిందెతో నీళ్ళు పట్టుకుంటోంది. తాగడానికి కూడా ఇవేనా అని అడిగాను.

"అవునమ్మా, గివే. జర ఉప్పగుంటయ్. దవాఖానల నీళ్ళు కాచి తాగుమన్నరు, మంచిగ కాచే తాగుతున్న."

ఆర్ఓ యురేనియాన్ని మాయం చేయదు. మన నీళ్ళలోంచి తీసి, వదిలేసే నీళ్ళలోకి నెడుతుంది. పదిహేను అంతస్తుల విషం చిక్కబడి ఆ డ్రమ్ములోకి వస్తోంది. కాస్తే అది పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. డాక్టరు మాట విని, పాపం, ఆ పిల్ల రోజూ శ్రద్ధగా దాన్ని చిక్కబరుచుకుని తాగుతోంది.

ఆ ఆదివారం అపార్టుమెంటు అసోసియేషన్ మీటింగుకు ఆ పిల్ల బిందెనే నేను మోసుకెళ్ళాను. సెక్రటరీ చాలా మర్యాదగా, "నీళ్ళు వేస్టు కాకూడదనే ఇచ్చామండీ ఆంటీ, వాడకానికి. తాగమని మేం చెప్పలేదు కదండీ" అన్నాడు. తాగొద్దని చెప్పారా అంటే చేతిలో ఫైలు తిరగేయడం మొదలుపెట్టాడు. ఇన్ని డిగ్రీలు చదివి, ఇంగ్లీషులో రిపోర్టు తెప్పించుకుని, డ్రమ్ము మీద తెలుగులో ఒక్క ముక్క రాయడానికి చేతులు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. గ్లాసులు తెప్పించి ఒక్కొక్కరి ముందూ పోశాను. మీ నీళ్ళలోంచి తీసినవే, తాగండి అన్నాను. ఒక్కరూ గ్లాసు ముట్టుకోలేదు. పెద్దావిడ మరీ అతి చేస్తోందని వెనక ఎవరో గొణిగారు. గొణగనీ అనుకున్నాను.

మర్నాడు ఆ పైపు కోసేసి, గది బయట మంచినీళ్ళ కుళాయి పెట్టారు. వదిలేసిన నీళ్ళు ఇప్పుడు ఫ్లష్ ట్యాంకుల్లోకి వెళ్తున్నాయి. అక్కడి నుంచి ఎక్కడికని అడుగుతూనే ఉన్నాను. నన్ను చూస్తే సెక్రటరీ లిఫ్టు వదిలేసి మెట్లెక్కి వెళ్తున్నాడు.

కుళాయి పెట్టిన రోజు ఆ పిల్ల పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, "ఇగ లోపల పిల్లకేం కాదు గదమ్మా?" అని అడిగింది. ఏమని చెప్పను? తెలియదన్నాను. పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్తానన్నాను. ముందే చూసుకోవాల్సిందని తల దించుకుంటే, ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"పోనీ తియ్యమ్మా, నీకేం ఎరుక" అంది.

అవే మాటలు, ఇన్నేళ్ళ తర్వాత. అప్పుడు గోడ నాకంటే ఎత్తు, నాకు నిజంగానే తెలియదు. ఈసారి రిపోర్టు నా బీరువాలోనే ఉంది.