ఊపిరి అక్కర్లేని క్లారినెట్

మొన్న మనవరాలు ఫోనులో ఏదో వాయిద్యం తెరిచి నా చేతికిచ్చింది. ఒక మెట్టు నొక్కితే కదిపిన తేనెపట్టులా రొద. పక్కనున్న నాబు తిప్పుతూ పోతే పదును తగ్గి, బోలుగా, మా మేనమామ క్లారినెట్ పలికింది.

ఆర్కెస్ట్రాల కాలం ఎరిగిన మీకు చెప్పేదేముంది, వాకాడులో మా బృందానికి సింథసైజర్ వచ్చిన కొత్తలో నా కాళ్లు నేల మీద ఆనలేదు. ముందు మొరటుగా, నిండుగా ఒక ధ్వని పుట్టించి, దాని పై అంచులను ఫిల్టర్‌తో కోసేసి, అది ఎంత మెల్లగా లేవాలో, ఎలా నిలవాలో, ఎలా అణగాలో అమర్చుకుంటే కావలసిన వాయిద్యం తేలుతుంది. పాపం, మా బృందంలో క్లారినెట్ ఊదే మామే మూడు రోజులు ఎదురుగా కూర్చుని, ఒకే స్వరం పదేపదే ఊదుతూ, ఇంకా గరుకుంది తీసెయ్యమని దగ్గరుండి చెప్పాడు. అంతా కుదిరాక మాత్రం, ఊపిరి లేని పాటకు ప్రాణముండదని అందరి ముందూ అన్నాడు. అది నాకు ముల్లులా గుచ్చుకుంది.

బుచ్చిరెడ్డిపాలెంలో ఒక పెళ్లివారు వేదిక మీద క్లారినెట్ కనబడాలన్నారు. మామకు అప్పటికే ఆయాసం. ఆయన మైకు ఆపేసి సింథసైజర్ మీద నేను వాయిస్తానని, ఆయన ఊదినట్టు నటిస్తే చాలని ఒప్పించాను. నటించడం ఆయనకు చేతకాలేదు. మైకు లేకున్నా నిజంగానే ఊదాడు. చివరి పాటలో పైస్వరం దగ్గర నేను మెట్టు మీద వేలు ఉంచేశాను. వేలు ఉన్నంతసేపూ ఆ పెట్టెలో స్వరం వాలదు. మామ ముఖం కందిపోయింది, కళ్లు నా వైపు తిరిగాయి. చూసి కూడా వేలు తీయలేదు. ఆఖరికి ఆయన నోరు తెరిచి రొప్పుతుంటే, ఒళ్లో ఉన్న క్లారినెట్ పలుకుతూనే ఉంది. పందిరంతా నవ్వింది, అందరితోపాటు నేనూ నవ్వాను.

దిగాక ఆయన తిట్టలేదు.

"నీ పెట్టెకు ఊపిరి అక్కర్లేదు అబ్బయా, నాకు కావాల గదా," అన్నాడు. మళ్లీ ఆ క్లారినెట్ ఎవరూ వినలేదు.

ఇప్పుడు మా వైపు పెళ్లిళ్లలో వాయించే మనిషే కనబడడు, పాటంతా పెన్‌డ్రైవులో వస్తుంది. కాలం మారిందని నిట్టూర్చే హక్కు నాకెక్కడిది, మార్చినవాళ్లలో నేనొకణ్ణి. ఫోను మీద అదే స్వరం నొక్కిపట్టి, దానితోపాటు ఊపిరి బిగబట్టి చూశాను. ఇప్పుడు నాకూ ఆయాసమే. పది లెక్కపెట్టకముందే నోరు తెరిచాను. స్వరం సాగుతూనే ఉంది. నా అవస్థ చూసి మనవరాలు పకపకా నవ్వింది.