నా వంతుకు వచ్చిన నిజాం

నా చిన్నప్పుడు మా ఇంట్లో చరిత్ర చెప్పడం మా తాత పని, మర్చిపోవడం మా పని. ఆయన నిజాం కాలంలో ఉర్దూ బడిలో పంతులుగా చేశాడు. ఒక్క పాఠం మాత్రం నేను మర్చిపోకుండా చెప్పాడు. అందుకు ఆయన్ని ఇప్పటికీ పూర్తిగా క్షమించలేదు.

మాది ఇచ్చోడ దగ్గర పల్లె. మా దిక్కు పొలాల అమావాస్య పెద్ద పండుగ. ఆ రోజు ఎడ్లకు నాగలి కట్టరు, కర్ర ఎత్తరు. కొమ్ములకు రంగు పూసి, పోలెలు, అంటే బొబ్బట్లు, తినిపించి, సాయంత్రం హనుమంతుని గుడి చుట్టూ తిప్పుతారు. మా ఇంటి జోడులో వలపటి ఎద్దు, అంటే కుడివైపు ఎద్దు, పగ్గం పట్టే వంతు ఏడాదికొక పిల్లవాడిది. ఆ ఏడాది మా తమ్ముడిది. వాడికి ఎనిమిదేళ్లు. ఎండాకాలంలో ఆ ఎద్దు గిట్టకు పుండైతే రోజూ పసుపునూనె రాసింది వాడే. పండుగ పగ్గాన్ని నెల ముందు నుంచే దిండు కింద పెట్టుకుని పడుకునేవాడు.

నాకు పదకొండేళ్లు. నా వంతు ముందటి ఏడాదే అయిపోయింది, అయినా మళ్లీ కావాలనిపించింది. కరీంనగర్‌లో చదువుకునే మా పెద్దబాపు కొడుకు పండుగకు వచ్చాడు. వాడికి పద్నాలుగు. మేం పెద్దన్న అనేవాళ్లం. వాడికీ పగ్గం కావాలట. మా కొట్లాట తాత చెవిన పడింది.

పండుగ ముందటి రోజు మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి తాత నిజాం రాజ్యం కథ చెప్పాడు. అది మరీ పెద్దదీ కాదు, మరీ చిన్నదీ కాదు. ఒక దిక్కు మరాఠాలు, ఒక దిక్కు మైసూరు, సముద్రం మీంచి వచ్చిన ఇంగ్లిషువాళ్లు. నడుమ ఉన్నవాడు బతకాలంటే ఎవరో ఒకరి చేయి పట్టుకోవాలి. నిజాం ఇంగ్లిషువాళ్ల చేయి పట్టుకుని, వాళ్లతో కలిసి మైసూరు మీదికి పోయాడు. మైసూరు కూలింది. వాటాగా కొన్ని జిల్లాలు వచ్చాయి. ఎంతోకాలం గడవకముందే, తనకు కాపలా ఉన్న ఇంగ్లిషు పటాలం ఖర్చుకని అవే జిల్లాలను వాళ్లకే ఇచ్చుకున్నాడు. తర్వాత అదే కాపలా పేరు మీద పెన్‌గంగ అవతలి బేరార్ కూడా పోయింది. నమ్మకమైన మిత్రుడనే బిరుదు మాత్రం మిగిలింది. ఇంగ్లిషువాళ్లు దేశం విడిచిపోయేటప్పుడు ఆ మిత్రుడి మొహం చూడలేదు.

"ఇండియా ఫౌజు మన మీదికి వచ్చిన నాడు నేను గూడ పట్వారి ఇంట్ల రేడియో కాడ కూసున్న, ఇంగ్లిషోళ్లొస్తరని" అన్నాడు తాత. "ఒక్కడు రాలే. సమజైందారా?"

అయిందన్నాం.

మర్నాడు పొద్దున మాతోనే నల్లరేగడి మట్టితో పదిహేను ఎడ్లు చేయించాడు. వాకిట్లో మూడు గళ్లు గీశాడు. తమ్ముడు మైసూరు, నేను నిజాం, పెద్దన్న ఇంగ్లిషు. మనిషికి ఐదు ఎడ్లు. ప్రతి ఆటకూ ఎవరి దిక్కో చెప్పాలి. ఇద్దరు ఒకటైతే మూడోవాడి ఎద్దు ఒకటి వాళ్లకు పోతుంది. ఎద్దు లేనివాడికి మాట లేదు. పది ఆటలయ్యాక ఎవరి గడిలో ఎక్కువుంటే పగ్గం వాడిది.

"గట్లెట్ల తాతా? గీ సారి నా వంతు గదా" అన్నాడు తమ్ముడు.

"రాజ్యాలకు వంతులుండయిరా."

పెద్దన్న నన్ను పక్కకు పిలిచాడు. "ముందుగాల చిన్నోన్ని ఎల్లగొడ్దాం. గటెన్క మనిద్దరం చూసుకుందాం" అన్నాడు. సరే అన్నాను.

మొదటి ఆటలో తమ్ముడు, ఎవరూ అడగకముందే, "చిన్నన్న దిక్కు" అన్నాడు. చిన్నన్న అంటే నేను. నేను పెద్దన్న దిక్కు అన్నాను. రెండో ఆటలోనూ వాడు నా దిక్కే అన్నాడు. మూడు, నాలుగు, ఐదు. ప్రతిసారీ నా మొహంలోకి చూసి చెప్పాడు. వాడి గడి ఖాళీ అయింది. పెద్దన్న మూడు ఎడ్లు తీసుకుని నాకు రెండు ఇచ్చాడు.

"ఇగ నీ ఎడ్లకు నేను కావలుంట. ఆటకొక్క ఎద్దు ఇయ్యి" అన్నాడు.

"ఎవరి నుంచి కావలి? తమ్మునికాడ ఏం లేవు గదా?"

"నా నుంచే" అని నవ్వాడు.

తాత దిక్కు చూశాను. ఆయనా నవ్వుతున్నాడు. "అడుగుతుండు గదరా, ఇస్తవా, కొట్లాడుతవా? కొట్లాడితే ఎక్కువున్నోడే గెలుస్తడు. అన్ని పోతయ్."

ఒకటి ఇచ్చాను, ఇంకొకటి ఇచ్చాను. అప్పుడు తమ్ముడి వైపు తిరిగి, నా దిక్కు రారా అన్నాను.

"నాకాడ ఏమున్నయ్ అన్నా?" అన్నాడు వాడు. ఎత్తిపొడుపు కాదు. ఉన్నమాట చెప్పాడు. పది ఆటలయ్యేసరికి నా గడిలో రెండే మిగిలాయి.

అవ్వ, అంటే మా అమ్మ, లోపలి నుంచి వచ్చింది. "పసివోడు మామా. పగ్గం వానికియ్యుండ్రి" అంది.

"ఇయ్యాల ఏడిస్తే రేపు యాదికుంటది" అన్నాడు తాత.

వాడు ఏడవలేదు. లోపలికి పోయి, దిండు కింది పగ్గం తెచ్చి, పెద్దన్న చేతిలో పెట్టాడు. సాయంత్రం గుడి ముందు ఎద్దు మొరాయించింది. పెద్దన్న కర్ర తీసుకుని గిట్ట మీద కొట్టాడు. పండుగ పూట, అందరూ చూస్తుండగా. తమ్ముడు నా పక్కనే నిలబడి నేల చూస్తున్నాడు.

ఇంటికి వచ్చాక తాతను అడిగాను, ఇలా అవుతుందని నాకు ముందే ఎందుకు చెప్పలేదని.

"నిన్ననే చెప్పిన గదరా. తెలిసే చేసినవ్. నిజాంకు గూడ తెలుసు."

మా మధ్య పోయిందంతా ఆ ఒక్క రోజునే పోయిందని అనను. పొలాలు పంచుకున్న నాడు కూడా నేను పెద్దన్న దిక్కే మాట్లాడాను. తమ్ముడికి నీళ్లు లేని రాళ్ల చెలక వచ్చింది. దాన్ని అమ్ముకుని జమ్మికుంట పోయి, పత్తి మార్కెట్లో పనికి కుదిరాడు. తర్వాత చాలా చరిత్ర పుస్తకాలు చదివాను. బలవంతుడు నడిమివాణ్ని ఎలా ముంచాడో అన్నింటిలోనూ ఉంది. నడిమివాడు ముందు ఎవరిని ముంచాడో రెండు వాక్యాల్లో అయిపోతుంది.

మొన్న మాఘంలో తమ్ముడు పోయాడు. కిడ్నీలు చెడిపోయి ఏడు నెలలు వారానికి మూడుసార్లు బస్సులో కరీంనగర్ ఆసుపత్రికి వచ్చాడట. నేనుండేదీ ఆ ఊళ్లోనే, మా ఇల్లు బస్టాండుకు పది నిమిషాల నడక. దినాల నాడు మరదలు చెప్పేదాకా నాకు తెలియదు.

"మీ ఇంటికి పోదామంటే రాలే బావా. అన్నను పరేషాన్ చేసుడెందుకన్నడు" అంది.

కోపంతో అన్నాడా అని అడిగాను. కాదు, మామూలుగానే అన్నాడంది.

బలమున్నవాణ్ని నమ్మొద్దని నేర్పాననుకుని తాత పోయాడు. నాకు పెద్దన్న నవ్వు అంతగా గుర్తు లేదు. ఎవరైనా నీ దిక్కున్నామంటే ఇప్పటికీ వినబడేది ఎనిమిదేళ్ల గొంతు. ఐదుసార్లు, నా మొహంలోకి చూసి, "చిన్నన్న దిక్కు."