ఇంటూ కొట్టి ఓడిన ఎన్నిక

ఎన్నికల్లో ఓడినవాళ్ళు లోకంలో కోకొల్లలు. కానీ తన మనుషుల్ని తానే వరసలో నిలబెట్టి, ఎదుటి మనిషికి ఓటెలా వెయ్యాలో దగ్గరుండి నేర్పి, మరీ ఓడిన మహానుభావుణ్ణి మీరు చూసి ఉండరు. ఇదిగో, నేనే.

మేముండేది జర్మనీలోని ఎర్లాంగెన్‌లో. ఈ రాష్ట్రంలోని తెలుగువాళ్ళకో సంఘం ఉంది. జిల్లాకొకరిని ఓటేసి ఎన్నుకుంటే, వాళ్ళంతా కలిసి రాష్ట్ర కార్యవర్గం అవుతారు. పిల్లలకు తెలుగు బడి ఏ ఊళ్ళో పెట్టాలో తేల్చేది ఆ కార్యవర్గమే. అందులో మా జిల్లా తరఫున నోరెత్తే నాథుడే లేడు. మా ఇంట్లోనేమో నాలుగేళ్ళ కూతుర్ని "బువ్వ తింటవా బిడ్డా?" అంటే జర్మన్‌లో "నైన్, పాపా" అంటోంది, అంటే 'వద్దు నాన్నా' అని. ఆ 'నైన్' నన్ను రాజకీయాల్లోకి దించింది. అందరికీ అలాగే చెప్పాను. పేరు కింద 'కార్యవర్గ సభ్యుడు' అని రాసుకోవాలన్న దురద కూడా కాస్త ఉందనుకోండి.

కనీసం ఇద్దరు పోటీ చేస్తే గానీ ఎన్నిక చెల్లదట. రెండో మనిషి దొరక్కపోతే, నేనే వెళ్ళి సుజాత గారిని బతిమాలాను. ఆవిడది కాకినాడ. ఇక్కడొక కంపెనీలో ఇంజనీరు.

"పేరంటే ఇస్తానండీ రమేష్ గారూ. ప్రచారాలూ అవీ మాత్రం నా వల్ల కాదు" అన్నారు.

"మీరు ఊరికే కూర్చోండి మేడం, అదే పదివేలు" అన్నాను.

మూడు వారాలు సైకిల్ మీద ఊరంతా తిరిగాను. కొత్తగా ఎమ్మెస్ చదవడానికొచ్చిన పిల్లలకు ఆఫీసుల్లో టెర్మిన్‌లు, అంటే అపాయింట్‌మెంట్లు ఇప్పించాను, చిరునామా నమోదుకు అన్‌మెల్డుంగ్ ఫారాలు నింపిపెట్టాను. నా దగ్గర జర్మన్ బీ-వన్ సర్టిఫికెట్ ఉంది మరి. ఆ పరీక్ష ఎలా పాసయ్యానో నాకే తెలియదు గానీ, వాళ్ళ కళ్ళకు నేను మహాపండితుణ్ణి. చెట్టులేని చోట ఆముదం చెట్టే మహావృక్షమంటారు. నేనైతే ఆముదం గింజని.

ఎన్నిక ఆదివారం మధ్యాహ్నం, అద్దెకు తీసుకున్న హాల్లో. తగాదాలు రాకుండా ఫ్రావ్ హోఫ్‌మన్ అనే రిటైరైన జర్మన్ టీచరమ్మను ఎన్నికల అధికారిగా పిలిచాం. ఆవిడ ముద్రించి తెచ్చిన కాగితం మీద రెండు పేర్లు, ఒక్కో పేరు పక్కన ఒక సున్నా, పైన జర్మన్‌లో ఒకే ఒక్క వాక్యం. నా కొంప ముంచింది ఆ ఒక్క వాక్యమే.

వరసలో ముందున్న హారిక, వరంగల్ అమ్మాయి, కాగితం అటూ ఇటూ తిప్పింది. "రమేషన్నా, పైన ఏం రాసిన్రు? ఒక్క ముక్క సమజైతలేదు."

"ఆన్‌క్రాయ్‌ట్సెన్ అని రాసిన్రు" అన్నాను గొంతు సవరించుకుని. "క్రాయ్‌ట్స్ అంటే ఇంటూ మార్కు. ఒక్క పేరుకు ఇంటూ కొట్టుమంటున్నరు."

"అంటే నీ పేరుకు కొట్టాల్నా?"

"అయ్యో! బళ్ళె లెక్క తప్పైతే సారు ఏం పెడతడు? ఇంటూ. ఒప్పైతే టిక్కు. మనకు వద్దన్న పేరుకు ఇంటూ కొట్టాలె. మిగిలినోళ్ళు గెలిచినట్టు."

"గట్లుంటదా అన్నా ఎన్నికల?"

"జర్మనీల ఏ పనైనా ముందుగాల వద్దు అనుడుతోనే షురూ అయితది" అన్నాను. అనుభవం మీద చెప్పిన మాట కదా, అందరూ తలలూపారు. ఆ జ్ఞానం వరస చివరిదాకా పాకింది. నేనైతే సుజాత గారి పేరు పక్కన కాగితం చిరిగేంత గట్టిగా ఇంటూ కొట్టి వచ్చాను.

లెక్కింపు మొదలైంది. ఫ్రావ్ హోఫ్‌మన్ ఒక్కో కాగితం తీసి "సుజాత... సుజాత... సుజాత" అని చదువుతుంటే, పాపం ఈవిడంటే ఇంతమందికి ఇష్టం లేదా అని నా గుండె తరుక్కుపోయింది. పక్కనే పాలిపోయిన మొహంతో కూర్చున్న ఆవిడతో "బాధపడకండి మేడం. రాజకీయాల్లో ఇవన్నీ మామూలే" అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూశారు.

"సుజాత ముప్ఫై నాలుగు. రమేష్ రెండు."

చప్పట్లు మోగాయి. లేచి నిలబడి, నాలుగు దిక్కులకూ నమస్కారాలు పెట్టాను. అంతలో ఎవరో నా చొక్కా లాగారు. పులిహోర గిన్నెతో ఆలస్యంగా వచ్చి, చివర్లో ఓటేసిన నా భార్య మాధవి.

"కూసో. నువ్వు ఓడిపోయినవ్."

"ఎట్ల? ఆమెకు ముప్ఫై నాలుగు ఇంటూలు పడ్డయి గద!"

"ఈడ ఇంటూ కొడితేనే ఓటు! చిన్నపిల్లల బడికి నింపిన కిటా ఫారం మీద అన్ని ఇంటూలు కొడితేనే గద బిడ్డకు సీటొచ్చింది?"

"మరి ముందుగాల చెప్పకపోతివి?"

"నువ్వు అడిగినవా?"

తల వంచుకుని ఉన్నదున్నట్టు అందరికీ చెప్పేశాను. హారిక నవ్వి నవ్వి కుర్చీలోంచి జారిపోయింది. సుజాత గారు మాత్రం కంగారుగా లేచారు. "అయ్యయ్యో, ఇది మీ సీటండీ. మళ్ళీ ఓటింగు పెట్టిద్దాం. నేను కూడా మీకే వేశాను!" నాకు పడిన రెండింటిలో ఒకటి మాధవిది, రెండోది నా ప్రత్యర్థిది. నాది నాకు పడనేలేదు.

సరే అనబోయాను. ఈలోగా ఆవిడ, ఏం మాట్లాడాలో తోచక కాబోలు, సభవైపు తిరిగి అడిగారు: "పిల్లలకి తెలుగు క్లాసు కావాలన్నవాళ్ళు ఒకసారి చేతులెత్తండి. మీకు ఏ రోజు కుదురుద్ది? చెప్పడానికి ఎవరొస్తారు?" పది నిమిషాల్లో శనివారం ఖాయమైంది, ఇద్దరు టీచర్లు దొరికారు, విషయం జర్మన్‌లో చెబితే గది సంగతి తాను చూస్తానని ఫ్రావ్ హోఫ్‌మన్ మాటిచ్చారు. మూడు వారాల ప్రచారంలో ఈ మూడు ప్రశ్నలు నేను ఒక్కరినీ అడగలేదు.

"మళ్ళీ ఓటింగు వద్దు మేడం" అన్నాను. "జనం తప్పుగా వేసినా సరైన మనిషికే వేశారు."

రెండు నెలలకు కార్యవర్గం మా బడికి ఒప్పుకుంది. శనివారం శనివారం నేను కుర్చీలు సర్ది, పిల్లల చేత 'అ ఆ'లు దిద్దిస్తున్నాను.

ఎన్నిక జరిగిన రోజు హాలు తాళం వేస్తూ, నేను తెలుగులో ఒప్పుకున్నదేదీ అర్థంకాని ఫ్రావ్ హోఫ్‌మన్ నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. "ఎన్నో ఎన్నికలు జరిపాను. ఎదుటి మనిషిని గెలిపించడానికి ఇంత పాటుపడిన అభ్యర్థిని ఇదే చూడటం. మీ మనసు గొప్పది!" నేను థాంక్స్ చెబుతూ 'డాంకె' అన్నాను. ఇంకేమనగలను?

కనుక పాఠక మహాశయులారా, కుడిచెయ్యి పైకెత్తి మీ సమక్షంలో శపథం చేస్తున్నాను. ఈ కట్టె కాలేదాకా, మాధవి సంతకం లేనిదే జర్మన్ ముక్క ఒక్కటి కూడా ఎవరికీ తెలుగులో చెప్పను. దారిలో ఎవరైనా 'హలో' అంటే ఏమిటని అడిగినా సరే, ఇంటికి ఫోన్ చేసి కనుక్కునే చెబుతాను.