కిర్రు చెప్పులు

నా పాదాలు చూస్తే నాకే రోత. కీళ్ళవాతం పట్టి పదకొండేళ్ళయింది. బొటనవేళ్ళు పక్కకు ఒరిగిపోయి, కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బాయి. పొద్దున లేచాక గంటసేపు అవి నా మాట వినవు.

ఆ పాదాలకే నేను కిర్రు చెప్పులు తొడిగేవాణ్ణి. మా తాత అవి వేసుకొని నడిస్తే, ఆ చప్పుడుకే వాకిట్లో కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారట. మా దొరల కోట, ఆ గడి ముందు నుంచి పోయేవాళ్ళు తమ చెప్పులు విప్పి చేతబట్టుకొని పోవాలి. గడి కూలింది, భూములు పోయాయి. మరిపెడ దగ్గర రెండు గదుల ఇల్లూ, ఈ చెప్పుల అలవాటూ మిగిలాయి. ఘనపూర్‌లో ఒక ముసలాయన పాత పద్ధతిలో కుట్టి ఇచ్చేవాడు. బొటనవేలు దూర్చే తోలు పట్టీ బిగుతుగా ఉండాలని నేనే పట్టుబట్టేవాణ్ణి.

మహబూబాబాద్‌లో నేను పోయే దవాఖానలో డాక్టరమ్మ ఒకసారి మందులు రాసి, "టెన్షన్ పెట్టుకుంటే నొప్పి ఇంకా ఎక్కువైతది. ఎప్పుడెప్పుడు ఎక్కువైతుందో ఒక నోట్‌బుక్కుల రాయండి" అంది. నాకు టెన్షన్ ఏమిటని మనసులో కసురుకున్నాను. అయినా రాశాను.

నెల తిరిగేసరికి నోట్‌బుక్కు నిండా ఒకే మాట. గడప దగ్గర, చెప్పులు తొడుక్కునేటప్పుడు. ఎవరైనా చూస్తున్నారేమోనని ముందు వీధి అటూ ఇటూ చూసేవాణ్ణి. దవడలు బిగిసేవి, తర్వాత భుజాలు, ఆ తర్వాత మోకాళ్ళు. సాయం చేద్దామని నా భార్య వంగితే కసిరేవాణ్ణి. మధ్యాహ్నం దాకా ఒళ్ళంతా నొప్పి.

డాక్టరమ్మ అది చదివి నవ్వింది. "మెత్తటి చెప్పులు కొనుక్కోండి బాపూ, సగం రోగం పోతది."

స్పంజి చెప్పులు! ఆ మాటకే నోట్‌బుక్కు లాక్కొని లేచాను.

బయటికి వచ్చాను. గుమ్మం పక్కన విప్పిన చెప్పులు అక్కడే ఉన్నాయి. బస్సు ప్రయాణానికి పాదాలు మరింత వాచాయి. వేలు పట్టీలోకి దూరదు. గోడ పట్టుకొని తోశాను, తిప్పాను. అక్కడ ఊడుస్తున్న ఆమె చీపురు ఆపింది.

"బాపూ, కాలియ్యి. నేను తొడుగుత."

"వద్దు."

"అద్దగంట సంది జూస్తున్న. కోడెకు ముకుతాడు ఎక్కిచ్చినట్టు కుస్తీ వడుతున్నవ్. పరేషాన్ ఎందుకు?"

"నలుగురూ చూస్తున్నారు."

ఆమె వెనక్కి తిరిగి వరండా అంతా కలయజూసింది. మందుల చీటీలు పట్టుకున్నవాళ్ళు, ఏడ్చే పిల్లలు, గోడకు ఆనుకొని కునికే ముసలివాళ్ళు.

"గీడ నిన్నెవలు జూస్తలేరు గని, జర పక్కకు జరుగు. ఊడ్వాలె."

జరిగాను. వంగి చెప్పులు తీసుకున్నాను. వాటిని చేతబట్టుకొని, ఉత్త కాళ్ళతో బస్టాండు దాకా నడిచాను. ఒకప్పుడు మా గడి ముందు జనం ఎలా పోయేవారో అలాగే. ఒక్కరూ తల తిప్పి చూడలేదు.

దారంతా సిగ్గుతో, అసహ్యంతో నోరు చేదైంది. బస్సెక్కి కూర్చున్నాక గానీ తెలియలేదు, దవడలు వదులయ్యాయని. మోకాళ్ళ నొప్పి కూడా తగ్గింది. పదకొండేళ్ళుగా నేను మోసింది ఎవరూ చూడని దొరతనాన్నేనా అనిపించి, నా మీద నాకు మరింత రోత పుట్టింది.

నోట్‌బుక్కు తీసి, వంకర అక్షరాలతో ఆ రోజు పేజీలో రాశాను: నొప్పి తక్కువ. చెప్పులు చేతిలో.