అమ్మమ్మ నల్ల గీత

మనిషి ఒంట్లో ఇనుము ఏ గుమ్మం దాటి ఎటు పోతుందో ఆ దేవుడికి తెలియాలి, లేదా మా అమ్మమ్మకి తెలియాలి. ఇద్దరిలో అమ్మమ్మని అడగడమే మేలు. ఆయన ఎంత పిలిచినా పలకడు, ఈవిడ అడక్కపోయినా చెబుతుంది.

అమ్మమ్మ పనిచేసేది ఒక ల్యాబ్‌లో. మెట్లెక్కగానే కుడివైపు గది. కిటికీ కింద పొడుగాటి రాతి బల్ల, గోడవారగా కణాల్ని వెచ్చగా ఉంచే పెట్టె. దాన్ని ఇంక్యుబేటర్ అంటారు. తాతయ్య మాత్రం "మీ అమ్మమ్మ పుట్టిల్లు" అంటాడు, ఆదివారాలు కూడా అక్కడికే పరిగెడుతుందని.

ఆ పెట్టెలో అమ్మమ్మ సాకుతున్నవి ఎలుక నుంచి తీసిన కణాలు. అవి యాంటీబాడీని తయారు చేస్తాయి. అదేమిటని అడిగితే అమ్మమ్మ ఇలా చెప్పింది: "సంతలో ఇసకేస్తే రాలనంత జనం ఉన్నా, నీ తాతని వెతికి చొక్కా పట్టుకునేది ఎవరు? నేను. యాంటీబాడీ కూడా అంతే. ఒక్కణ్నే పట్టాలి. ఇంకొకడి చొక్కా పట్టుకుందో, పరువు పోతుంది."

ఈ యాంటీబాడీ పట్టుకోవలసిన ప్రోటీన్ పేరు ఫెర్రోపోర్టిన్. కణం గోడలో అదొక తలుపు. లోపలున్న ఇనుము రక్తంలోకి రావాలంటే ఆ తలుపులోంచే రావాలి. తలుపు లేకపోతే లోపల ఇనుము మూలుగుతున్నా మనిషికి రక్తం పట్టదు. ఎవరి ఒంట్లో ఆ తలుపులు ఏ మాత్రం ఉన్నాయో చూడాలంటే, ముందు వాటిని పట్టే యాంటీబాడీ ఉండాలి.

వచ్చిన చిక్కల్లా, అమ్మమ్మది పట్టడం లేదు.

దానికో పరీక్ష ఉంది. ఆ తలుపులున్న వేరే కణాల్ని చితక్కొట్టి, ఆ సారాన్ని చిన్న చిన్న ట్యూబుల్లో మరిగించి, జెల్ అనే మెత్తటి పలకలో పరిగెత్తిస్తారు. చిన్న ప్రోటీన్లు ముందుకి దూసుకుపోతాయి, భారీకాయాలు వెనకబడతాయి. ఆ వరసని అలాగే ఒక పొర మీదికి దించి యాంటీబాడీ పోస్తే, వెతుకుతున్న ప్రోటీన్ దగ్గర నల్ల గీత రావాలి. అమ్మమ్మ ఎన్నిసార్లు చేసినా గీత లేదు. పై అంచున మసిగుడ్డతో తుడిచినట్టు ఒక మరక, అంతే.

ల్యాబ్‌ని నడిపే ఆవిడ అమ్మమ్మ కన్నా వయసులో చాలా చిన్నది. అందరికీ మేడమ్. ఒకరోజు ఆవిడ మెల్లగా చెప్పింది: "అక్కా, ఇంకొక్కసారి చూద్దాం. ఈసారీ రాకపోతే ఆ కణాల్ని పారేద్దాం. పెట్టెలో చోటు కోసం పక్క గదివాళ్లు కాచుకుని ఉన్నారు."

"సరే మేడమ్" అని వచ్చేసింది గానీ, ఇంటికొచ్చాక అమ్మమ్మ అన్నం ముట్టలేదు. తాతయ్యని తిట్టలేదు కూడా. దాంతో ఆయనకి భయమేసింది.

ఇక్కడ అమ్మమ్మ గుట్టొకటి విప్పాలి. ఆవిడకి మరిగించడం మీద ఉన్న నమ్మకం మనుషుల మీద లేదు. నీళ్లు మరగాలి, పాలు మరగాలి, తువ్వాళ్లు మరగాలి. ఒకసారి తాతయ్య కట్టుడు పళ్లు కూడా మరిగాయి. ఆ తర్వాత అవి ఎవరి నోటికీ సరిపోలేదు.

ఆఖరి ప్రయత్నం రోజు. అమ్మమ్మ టైమర్ తిప్పి, ట్యూబుల్ని చేతిలోకి తీసుకుంది. ఫోన్ మోగింది. చేసింది నేనే.

"అమ్మమ్మా! వంటింట్లో కుళాయి ఊడి చేతికొచ్చింది!"

"చేతికెలా వచ్చిందే?"

"తిప్పాను."

"ఎటు?"

"రెండు వైపులా."

"మొద్దుమొహమా! వాకిట్లో మూత కింద పెద్ద వాల్వు ఉంది, వెళ్లి కట్టెయ్!"

"ఇక్కణ్నుంచి చెయ్యి తీస్తే ఇల్లు మునుగుతుంది!"

"మీ తాతయ్య ఏడీ?"

"మంచమెక్కి కాళ్లు పైకి పెట్టుకున్నాడు. తడుస్తాయట."

ఆ మాటకి ఆయన ఏడు తరాలకీ కొన్ని దీవెనలు అందాయి. ఈలోగా టైమర్ గంట మోగింది. "అయ్యో, నా ట్యూబులు!" అని అమ్మమ్మ ఫోన్ భుజానికి ఇరికించుకుని, సణుక్కుంటూనే సారాన్ని జెల్‌లోకి ఎక్కించింది.

మర్నాడు పొరని ఫోటో తీసే మెషీన్‌లో పెట్టి, దాని తెర వైపు చూసింది. నల్ల గీత! సన్నగా, కాటుక దిద్దినట్టు, సరిగ్గా ఉండాల్సిన చోట. అమ్మమ్మ లేచి నిలబడింది. కూర్చుంది. మళ్లీ లేచింది. కళ్లద్దాలు తుడిచింది. గీత ఉంది. తెర తుడిచింది. అయినా ఉంది. "మేడమ్!" అని పెట్టిన కేకకి పక్క గదిలో ఎవరి చేతిలోదో సీసా జారిపడింది.

మేడమ్ ఒక చేతికే గ్లవ్‌తో పరిగెత్తుకొచ్చింది. "అక్కా! ఏం మార్చావ్?"

"ఏమీ మార్చలేదు."

"ఏదో మారింది. అదేదో తెలియకపోతే ఇది గాలివాటం గీత. రేపు రాదు."

అమ్మమ్మ మళ్లీ తెర వైపు చూసింది. వచ్చినట్టే వచ్చి పోతుందా? వెంటనే నాకు ఫోన్ చేసింది, పోలీసు గొంతుతో.

"నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు నేనేం చేస్తున్నాను?"

"తిడుతున్నావ్."

"అది రోజూ ఉండేదే. ఇంకా?"

"గంట మోగింది. అయ్యో నా ట్యూబులన్నావ్."

"ఆ తర్వాత?"

"సణుక్కుంటూ పని చేసుకున్నావ్. గంట మోగాక ఎప్పుడూ ఉఫ్ ఉఫ్‌మని ఊదుకుంటావే, నిన్న అది వినబళ్లేదు."

అమ్మమ్మకి పట్టకారు అలవాటు లేదు. మరిగిన ట్యూబుల్ని వేళ్లతోనే లాగి, వేళ్లు ఊదుకుంటుంది. ఇప్పుడు ఆ వేళ్లు తిప్పి చూసుకుంది. నిన్న అవి చురుక్కుమనలేదు. అంటే ట్యూబులు పొయ్యి మొహమే చూడలేదు! టైమర్ తిరిగింది, ట్యూబులు బల్ల మీదే కూర్చున్నాయి.

"మేడమ్! మరిగించలేదు! మర్చిపోయాను!"

తప్పు చేశానని అంత సంబరంగా అరిచిన మనిషిని ఆ ల్యాబ్ అంతకుముందు చూసి ఉండదు.

మేడమ్ నుదురు కొట్టుకుంది. "ఈ తలుపు గోడలోకి అటూ ఇటూ మడతలు పడి దూరి ఉంటుంది. మరిగిస్తే గుడ్డు తెల్లసొనలా ముద్దకట్టేస్తోంది. ముద్ద జెల్‌లోకి దిగదు. పైన మరక అదే! మరిగించమన్నది నేనే కదక్కా."

"మీరు వద్దన్నా మరిగించేదాన్ని మేడమ్."

సరే, ఈసారి పక్కపక్కనే పెట్టి చూడాలన్నారు. మరిగించింది ఒకటి, మరిగించనిది ఒకటి, అసలు ఆ తలుపే లేని కణాలది ఒకటి. ఆ ఫలితం చూడ్డానికి నేనూ వెళ్లాను, దేన్నీ తిప్పనని ఒట్టేశాకే రానిచ్చారు. తెర వెలిగింది. మరిగించినదానికి మరక. తలుపు లేనిచోట ఖాళీ. మధ్యలో గీత, నల్లగా, పీటల మీద కూర్చున్న పెళ్లికొడుకంత ధీమాగా! ముగ్గురం ఒకేసారి అరిచాం. పక్క గదివాళ్లు తలుపు దగ్గరకొచ్చి చూసి, పెట్టెలో చోటు మీద ఆశ వదులుకుని వెళ్లిపోయారు.

అమ్మమ్మ పెట్టె తలుపు మీద చెయ్యేసి, "బతికిపోయార్రా" అంది లోపలివాళ్లతో. కళ్లు తుడుచుకుందని నేనంటే ఒప్పుకోదు.

సందు దొరికింది కదా అని నేనడిగాను: "అంటే, నేను కుళాయి ఊడగొట్టకపోతే ఇది జరిగేదే కాదు. ఈ యాంటీబాడీ సీసా మీద నా పేరు కూడా వెయ్యించు అమ్మమ్మా."

అమ్మమ్మ తలెత్తకుండానే చెప్పింది: "సీసా మీద ఒక్క ముక్కకే చోటుంది. 'మరిగించవద్దు' అని వేయిస్తా. నీ పేరుకన్నా దానివల్ల ఉపయోగం ఎక్కువ."